పక్కచూపు

కూనబరాబ్రన్‌లో మందుల షాపు ఆరింటికి మూసేస్తాను.
నవంబరు కదా, పూర్తి చీకటికి తొమ్మిది దాటాలి.
నెరిడా పెరట్లో, వాననీళ్ళ ట్యాంకు పక్కన
పన్నెండంగుళాల అద్దం నోరు తెరుచుకుని పడుకుని ఉంటుంది.
ఎర్ర టార్చి తప్ప మరో దీపం వెలిగిస్తే ఊరుకోదామె.
ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన గొంతు.

"కొలిమి రాశిలో ఉంది. పేరు లేదు, నంబరే.
పదమూడు వందల అరవై అయిదు."
రోజంతా పెట్టెల మీది నంబర్లు చదివేదాన్ని,
నాకేం కొత్త కాదు.

కన్ను ఆనించాను.
ఏమీ లేదు.
"సూటిగా చూస్తే పారిపోతుంది. పక్కకి చూడు."
పక్కచూపులేమిటని చిన్నప్పుడు మొట్టికాయలు తిన్నదాన్ని,
చూడమని చెప్పే మనిషి దొరకడానికి నలభై ఏళ్ళు పట్టింది.

వచ్చింది.
నడుమ అడ్డంగా దూలం, వెలిసిన సున్నం రంగులో.
దాని రెండు కొసల నించీ రెండు చేతులు,
గిర్రున తిరిగే పిల్ల వెనకే ఈడ్చుకొచ్చే
రెండు జడల్లా.

సర్పిలం అంటారు. పాముచుట్ట.
పాము కడుపులో దూలమేమిటి?
ఎక్కడో చూశానిది, చూడకుండానే చూశాను...
గానుగ!
మా ముత్తాత ఆడించేవాడు. నాకు మిగిలింది
ఇంటిపేరు, ఆ పేరులో కాస్త నువ్వుల వాసన.
దూలం తిరుగుతుంది. నలిగిందల్లా నడుమకే జారుతుంది.

నెరిడా గోడ మీది ఫోటోలో ఇంకా బాగా తెలుస్తుంది:
దూలం పొడవునా నల్లటి నెరియలు, ధూళి.
వాయువు అక్కడ గుద్దుకుని, ఉరుకు చచ్చి,
ఆ నల్లదారిన లోపలికి దిగుతుంది,
ఉంగరంలా గుమిగూడి పసినక్షత్రాలై అంటుకుంటుంది.
ఇంకా లోపల ఎంత తాగినా దాహం తీరనిదొకటి.
దాన్ని చూడలేం. చుట్టూ మంటను చూసి ఉందంటాం.

"మరి ఎద్దేది?" అన్నాను.
ఎద్దు సంగతంతా చెప్పాల్సొచ్చింది. నవ్వింది.
"ఎద్దు లేదు. దూలం కూడా నక్షత్రాలే.
సాగదీసిన దారుల్లో కోట్లమంది ఒకే వాలున తిరిగితే
దూరంనించి దూలం."
గింజలే దూలం. గింజలే ఎద్దు.
మా ముత్తాత ఈ మాట వింటే గానుగ ఆపేసి కూర్చునేవాడు.

చేతుల గురించి ఆమె హైవే భాషలో చెప్పింది:
"న్యూయెల్ రోడ్డు మీద మరమ్మతులున్నచోట
లారీలు బారు కడతాయి కదా,
ముందువి వెళ్ళిపోతాయి, వెనకవి వచ్చి చేరతాయి,
బారు మాత్రం ఉంటుంది. ఈ చేతులూ అంతే.
ఎవరూ అందులో కాపురముండరు."

ఆమె మందుల చీటీ నా దగ్గరే ఉంది.
కంటి నడుమ మచ్చ, రెండు కళ్ళకీ.
అంచులు మిగిలాయి. అంచులు చాలు దీనికి,
అయిదారు కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగుకి.
"ఇది నీకంటే నాకే బాగా కనిపిస్తుంది.
కనిపించనిది నీ మొహం" అంది,
నా చెవి పక్కన ఎక్కడో చూస్తూ.

పడమట పాలపుంత దిగిపోతోంది.
దానికీ దూలముందట. కనుక్కోవడానికే చాలా ఏళ్ళు పట్టిందట.
గానుగలో పడ్డ గింజకి గానుగ రూపం ఎలా తెలుస్తుంది.

శనివారం కౌంటర్ దగ్గరికొచ్చి ఒక కాగితం ఇచ్చింది.
పెన్సిలు బొమ్మ. రెండు జడలు, దూలం,
వేలితో రుద్ది తెచ్చిన మసక. నడుమ ఖాళీ.
"అక్కడ నాకెప్పుడూ బొక్కే. నువ్వు వెయ్యి."

వెయ్యలేదింకా.
ఎంత చుక్క పెట్టాలో తేలడం లేదు.
కాగితం ఇన్సులిన్ ఫ్రిజ్ మీద ఉంది,
వెళ్తూ వస్తూ
పక్కచూపే చూస్తున్నాను.